రాయి లేని నేల

స్కాట్లాండ్‌లోని మా ఈస్ట్ లోథియన్‌లో కౌలు పత్రం 19 ఏళ్లకు రాస్తారు. నెపోలియన్‌తో యుద్ధకాలం నాటి గోధుమ ధరలు మళ్లీ వస్తాయన్న నమ్మకంతో 1816లో ఎకరానికి ఏటా రెండు పౌండ్ల, అంటే నలభై షిల్లింగుల చొప్పున నేను ఒప్పుకున్న పత్రం వచ్చే ఏడాదితో తీరిపోతుంది. ధరలు రాలేదు, కౌలు మాత్రం తగ్గలేదు. అందుకే ఈ 1834 ఏప్రిల్‌లో వసంతపు విత్తుల పని పెద్దకొడుక్కి అప్పగించి, అమెరికా భూముల సంగతేమిటో కళ్లారా చూసి రావాలని లివర్‌పూల్‌లో ఓడ ఎక్కాను.

సముద్రం మీద గడిచిన 36 రోజులలో వాంతులు, ఉప్పు మాంసం తప్ప చెప్పుకోదగినది ఏమీ లేదు. న్యూయార్క్‌లో దిగిన రోజున సత్రం యజమాని ఎనిమిది షిల్లింగులు అడిగితే, దారిదోపిడీ అనుకుని కేకలు వేశాను. ఆ ఊళ్లో షిల్లింగు అంటే డాలరులో ఎనిమిదో వంతనీ, మా షిల్లింగులో దాదాపు సగమేననీ ఎవరో చెప్పాక సిగ్గుపడ్డాను గానీ, సగానికి లెక్కగట్టినా ఆ గదికి ఆ సొమ్ము ఎక్కువేనని ఇప్పటికీ నా అభిప్రాయం. ఆల్బనీ నుంచి బఫెలో దాకా 363 మైళ్ల కాలువ ప్రయాణం హాయిగా సాగింది. గట్టు మీద గుర్రాలు నడుస్తుంటే వెనకాల పడవ జారుతుంది. వంతెన వచ్చినప్పుడల్లా పైకప్పు మీద కూర్చున్నవాళ్లమంతా బోర్లా పడుకోవాలి. ఆదివారం కూడా పడవ ఆపకపోవడం ఒక్కటే నాకు మింగుడుపడలేదు.

డెట్రాయిట్ నుంచి షికాగో దాకా బండికి డబ్బు కట్టి, ఆ దారిలో చాలా భాగం నడిచాను. చక్రాలు ఇరుసుదాకా బురదలో దిగినప్పుడల్లా బండివాడు మమ్మల్ని దింపి, తలా ఒక కంచె కర్ర భుజాన పెట్టించేవాడు. వాటితో చక్రాలను పైకెత్తి, మళ్లీ ఆ కర్రలను మోసుకుంటూ వెనకాల నడవడం మా పని. ఇలా కూలిపని చేయించుకుని, దానికి మా దగ్గరే ఛార్జీ వసూలు చేయడం నేను మరెక్కడా చూడలేదు.

షికాగోలో ఒక కోట, కొన్ని చెక్క ఇళ్లు, అంతులేని బురద ఉన్నాయి. కిందటి సెప్టెంబరులో అక్కడే ఆ నేలకు మొదటినుంచీ చెందిన పొటావటోమీ తెగవారూ, వారితో కలిసి ఉండే తెగలవారూ దాదాపు 50 లక్షల ఎకరాలు వదులుకుంటూ ఒప్పందం మీద గుర్తులు పెట్టారట. ఇంకా తరలిపోని కుటుంబాలు కొన్ని ఊరి అంచున కనిపించాయి. భూమి వెతుక్కుంటూ వచ్చినవాడిని నేను, పోగొట్టుకున్నవారు వాళ్లు. కౌలు తీరిన రైతును గేటు దాటించడం ఎలా ఉంటుందో మా వైపు చూసినవాణ్ణి కనుక, వాళ్ల గుడారాల పక్క నుంచి తల దించుకుని నడిచాను.

అక్కడి నుంచి దక్షిణంగా, అదే ఇల్లినాయి రాష్ట్రంలోని శాంగమన్ నది వైపు వెళ్లాను. ఆ ప్రాంతపు భూములకు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ప్రభుత్వ భూముల కార్యాలయం ఉంది; ఎకరం డాలరుంబావు, రొక్కం చెల్లించాలి. మా డబ్బులో అది ఐదు షిల్లింగుల పైచిలుకు. ఒక ఎకరానికి నేను కట్టే ఏడాది కౌలుతో ఇక్కడ ఏడెకరాలు శాశ్వతంగా కొనవచ్చన్న లెక్క వేసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను బస చేసిన ఇల్లు కెంటకీ నుంచి వచ్చిన ఒక రైతుది. చెట్ల తోపు అంచున దుంగల గుడిసె. తలుపు తీస్తే ఎదురుగా చెట్టన్నది లేని గడ్డి సముద్రం, వాళ్లు ప్రెయిరీ అంటారు. మూడు పూటలా పంది మాంసం, మొక్కజొన్న రొట్టె. ఇంటాయన ముఖం పసుపు పూసినట్టు ఉంది. చలిజ్వరం రోజు విడిచి రోజు వస్తుందనీ, రాని రోజున దున్నుతాననీ, మన వైపు సంత రోజులు చెప్పినంత మామూలుగా చెప్పాడు.

మర్నాడు జ్వరం లేని రోజు. ఐదు జతల ఎడ్లను కట్టారు. దుంగను అడ్డంగా కోసి చేసిన చిన్న చక్రాల మీద నాగలి దూలం ఆనుతుంది. కర్రు ముందర నిలువుగా ఒక కత్తి. ఎడ్లు కదలగానే, కొత్త కోరాగుడ్డను ఒక్క బిగిన చించుతున్నట్టు గడ్డి వేళ్లు తెగుతున్న చప్పుడు వినిపించింది. దాదాపు రెండడుగుల వెడల్పున, మూడంగుళాల మందాన, నల్లటి పట్టీ ఒకటి ఎక్కడా విరగకుండా తిరగబడింది. అందులోకి గొడ్డలి దింపి, ఆ గాటులో మొక్కజొన్న గింజలు వేసి కాలితో నొక్కుతారు. గడ్డ కుళ్లాక, మరుసటి ఏడాది గాని అది సరైన పొలం కాదు. మా పక్కనే బెర్విక్‌షైర్‌లో జేమ్స్ స్మాల్ చేసిన నాగలికి రెండు గుర్రాలు, ఒక మనిషి చాలు. అది ఇక్కడ పది అడుగులు కూడా సాగదు.

పార అడిగి తీసుకుని తవ్వాను. రెండడుగుల దాకా నలుపే. నన్ను కలవరపెట్టింది నలుపు కాదు, పార ఎక్కడా ఖణేల్‌మనకపోవడం. మా నాన్న ప్రతి వసంతంలోనూ మమ్మల్ని చాలు వెంట నడిపి రాళ్లు ఏరించేవాడు. మా గోడలన్నీ ఆ రాళ్లే. ఇక్కడ కుక్క మీదికి విసరడానికైనా రాయి దొరకదు. రాయి లేదు కనుక గోడ లేదు, గోడ లేదు కనుక కంచెకు తోపులోంచి కర్ర చీల్చాలి. 80 ఎకరాలు కొంటే 100 డాలర్లే, కానీ దాని చుట్టూ మైలున్నర కంచె కావాలి. తొలి దుక్కికి ఎకరానికి రెండు డాలర్లన్నాడు ఇంటాయన, అంటే నేల ఖరీదు కంటే ఎక్కువ. కూలికి మనిషిని పెట్టుకుందామంటే, రెండేళ్లలో తానే 80 ఎకరాలు కొనగలిగినవాడు నా పొలంలో ఎందుకు చాకిరీ చేస్తాడు?

సాయంత్రం ఇంటాయన తన పొలం నన్నే కొనమన్నాడు. 40 ఎకరాల దుక్కి, కంచె, గుడిసె అన్నీ కలిపి ఎకరానికి ఐదు డాలర్లు. నిరుడు మిసిసిపీ నది అవతల కొత్త భూములు తెరిచారు, అక్కడికి పోతానన్నాడు. తన కష్టంతో తన పేరు మీద సంపాదించుకున్న నేలను, తరిమే దొర ఎవడూ లేకుండానే వదిలిపోయే మనిషిని నేను అర్థం చేసుకోలేకపోయాను. అయినా చీకటి పడేదాకా కంచె వెంట నడిచి కర్రలు లెక్కపెట్టాను. ఉత్తరం పక్క కింది వరస పుచ్చిపోయింది. ఆ మాట చెప్పి నాలుగు డాలర్లకు అడిగాను. ఆయన పొయ్యిలోకి చూస్తూ కాసేపు ఆలోచించాడు. మర్నాడు జ్వరం వచ్చే రోజు కనుక, బేరం ఎల్లుండికి వాయిదా వేసుకున్నాం.