మూడు రంగులు చాలన్న మాస్టారు

మన బడి జ్ఞాపకాలు తలా ఒకటి రాయమన్నారు కదా, క్రికెట్ గురించీ వార్షికోత్సవాల గురించీ మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు కాబట్టి, నేను మన డ్రాయింగ్ గదిలో ఉండే తిరిగే పెట్టె గురించి రాస్తాను. పాత టేబుల్ ఫ్యాన్ రెక్కలు తీసేసి, మోటారుని పైకి చూసేలా చెక్కపెట్టెలో బిగించి, దానిమీద గుండ్రటి పలక ఒకటి పెట్టించారు డ్రాయింగ్ మాస్టారు. పలకకి అట్ట గుచ్చి, స్విచ్ వేసి, పైనుంచి రంగు పొయ్యడమే. పెట్టె లోపల పాత పేపర్లు అంటించకపోతే మన చొక్కాల సంగతి అంతే.

మాస్టారి పట్టుదల ఒకటే, బొమ్మకి మూడు రంగులు దాటకూడదు, అందులో ఒకటి తెలుపు. అలమరలో అన్ని పోస్టర్ కలర్ సీసాలు కనిపిస్తుంటే నీలం, పసుపు, తెలుపు మాత్రమే తీసి బల్ల మీద పెడితే మాకు ఒళ్లు మండేది. ఒకరోజు ఆయనే ఎరుపు, ఊదా, ఆకుపచ్చ అన్నీ పోసి తిప్పి చూపించారు, కలిసిన చోటల్లా బురద. మరి సైన్స్ గదిలో న్యూటన్ చక్రం తిప్పితే ఏడు రంగులూ తెల్లగా కనిపిస్తాయి కదా అని అడిగాం. అక్కడ కలిసేది వెలుగురా, ఇక్కడ కలిసేది రంగుపొడి, ప్రతి రంగూ కొంత వెలుగుని మింగేస్తుంది, ఎన్ని కలిపితే అంత మింగుడు అన్నారు. కాంతి గురించి నాకు అర్థమైన మొదటి పాఠం అదే, అదీ డ్రాయింగ్ పీరియడ్‌లో!

రంగు చిక్కటి మజ్జిగలా జారాలి. ముందు తెలుపు, సరిగ్గా మధ్యలో. అది నెమ్మదిగా అంచులకి పాకుతుండగా నీలాన్ని కాస్త పక్కగా సన్నటి ధారగా వదిలితే గీతలు గీతలుగా బయటికి పరిగెత్తేది, ఎందుకంటే మధ్య నుంచి దూరం పెరిగేకొద్దీ విసురు పెరుగుతుంది. తడి నీలానికి పసుపు తగిలిన చోట మాత్రమే సన్నటి ఆకుపచ్చ అంచు పుట్టేది, దానికోసమే మేమంతా పెట్టె మీదకి వంగేవాళ్లం. మోటారు ఆపడంలోనే ఉంది అసలు పనితనం, ఇంకాసేపు తిరిగితే రంగంతా ఎగిరిపోయి అట్ట తేలిపోతుంది.

చాలా ఏళ్లకి చదివాను, 1960ల మొదట్లోనే ఆల్ఫొన్స్ షిల్లింగ్ అనే స్విస్ చిత్రకారుడు పారిస్‌లో పెద్ద గుండ్రటి కాన్వాసులు తిప్పుతూ బొమ్మలు వేశాడట. 1993లో లండన్ వీధి సంబరంలో డేమియన్ హర్స్ట్, ఆంగస్ ఫెయిర్‌హర్స్ట్ అనే ఇద్దరు బ్రిటిష్ కళాకారులు స్టాల్ పెట్టి జనంతో ఇలాంటివే వేయించారు, ఒక్కోటి ఒక పౌండు. తర్వాత హర్స్ట్ వేసిన పెద్దవి ప్రపంచమంతా తెలుసు. వాటిలో ఎక్కువ వాటిల్లో రంగులు మరీ ఎక్కువైపోయాయని నా అభిప్రాయం, కన్ను ఎక్కడా నిలవదు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ పిల్లలతో ఆదివారాలు ఇదే పని. నీలం, ఇటుక రంగు, తెలుపు ఇస్తున్నాను, నీలమూ ఇటుక రంగూ తెలుపుతో కలిసిన చోట బురద కాకుండా మంచి బూడిద రంగు వస్తోంది. ఈసారి కలిసినప్పుడు మోటారు నేను తెస్తాను, మీరు పాత చొక్కాలు వేసుకుని రండి.