కీమో అయిపోయాక పట్టుకున్న భయం: కౌన్సెలింగ్‌లో నా అనుభవం

హాడ్జ్‌కిన్ లింఫోమాకు, అంటే లింఫు గ్రంథుల్లో వచ్చే ఒక రకం క్యాన్సర్‌కు, నాకు ఆరు నెలల పాటు ఏబీవీడీ అనే నాలుగు మందుల కీమో ఇచ్చారు. రెండు వారాలకోసారి వెళ్లి పడుకోవడం, ఆ ఎర్రటి మందు నరంలోకి దిగుతుంటే కళ్లు మూసుకోవడం, ఇంటికొచ్చి వాంతులు. ఆ రోజుల్లో నేను పెద్దగా ఏడవలేదు. పెట్ స్కాన్‌లో జబ్బు ఆనవాళ్లు లేవని చెప్పిన తర్వాతే నాకు నిద్ర దూరమైంది.

"తగ్గిపోయింది కదమ్మా, ఇంకా ఏమిటి దిగులు?" అని చుట్టాలంతా అడిగేవారు. ప్రేమతోనే అడిగేవారు. కానీ ఆ మాట విన్నాక ఇక నోరు పెగిలేది కాదు. తోటివాళ్లు ఉద్యోగాల్లో చేరిపోయారు. ఇంట్లో, సంబంధాలు చూసేటప్పుడు ఈ సంగతి చెప్పాలా దాచాలా అని పక్క గదిలో గుసగుసలు. నా వేళ్లు మాత్రం రోజంతా మెడ మీదే. మొదట గడ్డ తగిలిన చోటే నొక్కి నొక్కి చర్మం కందిపోయింది. కందిన చోట నొప్పి పుడితే, అదిగో తిరగబెట్టిందని గుండె దడ.

ఫాలోఅప్‌కు వెళ్లినప్పుడు నర్సు ఒక కాగితం చేతికిచ్చింది. సున్నా నుంచి పది వరకు అంకెలున్న థర్మామీటర్ బొమ్మ. ఈ వారంలో మనసు ఎంత కలత పడిందో గుర్తు పెట్టాలి. 4 గానీ అంతకు మించి గానీ ఉంటే ఇంకా వివరంగా అడిగి తెలుసుకుంటారు. నేను 8 దగ్గర గీత గీశాను. అలా సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాను.

వారానికోసారి, ముప్పావు గంట, కొన్ని వారాలు మాత్రమే అని ఆవిడ ముందే చెప్పారు. ఇప్పుడు ఎక్కువగా పీడిస్తున్న ఒకటి రెండు విషయాలే పట్టుకుందాం అన్నారు. ఆ హద్దు నాకు ధైర్యమిచ్చింది. నేను మెడ తడుముకోవడాన్నే ఎంచుకున్నాను.

"తడుముకున్నాక ఎంతసేపు నిశ్చింతగా ఉంటారు?"

"ఐదు నిమిషాలు కూడా ఉండనండీ. మళ్లీ తడుముకుంటాను."

నోటుపుస్తకంలో నాలుగు గడులు గీయించారు. ఎప్పుడు తడుముకున్నాను, దానికి ముందు ఏ ఆలోచన వచ్చింది, అది నిజమనడానికి ఆధారమేమిటి, కాదనడానికి ఆధారమేమిటి. నాలుగో గడి దగ్గరే పెన్ను ఆగిపోయేది. ఒకసారి "ఇక రాదు" అని రాస్తే ఆవిడ ఒప్పుకోలేదు. "అది మనకు తెలియదు కదమ్మా. తెలిసినదే రాయండి" అన్నారు. డాక్టరు గారిని అడిగి రాసుకున్నాను: ఈ జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే తిరగబెడుతుంది, అందుకే అంత తరచుగా పరీక్షలు. గడ్డ తగిలి రెండు వారాలకూ తగ్గకపోయినా, కారణం లేని జ్వరం, రాత్రిపూట బట్టలు తడిసేంత చెమట, బరువు తగ్గడం ఉన్నా వెంటనే రావాలి. ఉత్తుత్తి ఓదార్పులన్నిటికన్నా ఆ మాటలే నాకు ఆసరా అయ్యాయి.

తర్వాత తడుముకోవడాన్ని నెలకోసారికి, స్నానం వేళకు పరిమితం చేశాం. మధ్యలో చెయ్యి లేస్తే పది నిమిషాలు వాయిదా వేయాలి. మొదట్లో ఆ పది నిమిషాలు నరకమే. రానురాను వాయిదా వేసిన సంగతే మరచిపోయేదాన్ని.

ఒక వారం అమ్మనూ రమ్మన్నారు. "ఇది నిద్రపోయాక నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తానండీ, జ్వరమేమోనని" అంది అమ్మ. అంతవరకూ నాకు తెలియదు. సంబంధాల విషయమూ అక్కడే తేలింది. దాచి పెళ్లి చేసుకోనని చెప్పాను. ఆ మాట నాన్నకు అమ్మే చెప్పింది.

స్కాన్‌కు ముందు వారం ఇప్పటికీ నిద్ర సరిగా పట్టదు. ఆ వారం ఎవరికి ఫోను చేయాలో, ఏం చదవకూడదో ఆఖరి రోజున ఇద్దరం కలిసి రాసిపెట్టుకున్నాం. మీ ఆసుపత్రిలో సైకాలజిస్టు లేకపోతే 14416కు ఫోను చేయండి. కేంద్రం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. జబ్బు తగ్గిపోయిందని మొహమాటపడకండి.