కాజా డబ్బాలో వాల్వు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతి నాకు తెలియదు గానీ, రబ్బరు పైపులు పగులుతాయని మాత్రం ఈరోజు కళ్లారా చూశాను.

ఆదివారం. నెల్లూరులో ఈ రోజుల్లో ఎనిమిది దాటితే కారు రేకు మీద చెయ్యి పెట్టలేం. అందుకని ఐదున్నరకే బానెట్ ఎత్తాను. "తొమ్మిదింటికల్లా చేపలు తేవాలి, గుర్తుంది కదా" అని మా ఆవిడ కిటికీలోంచి ఒకసారి హెచ్చరించి వెళ్లింది. గుర్తుందన్నాను. ఆ క్షణానికి నిజంగానే గుర్తుంది.

గొడవ మొదలై పది రోజులైంది. కావలి నుంచి వస్తూ హైవే మీద ఒక లారీని దాటబోయాను. మూడో గేరులో కాలు అదిమితే ఎప్పుడూ వీపు సీటుకు అతుక్కుంటుంది. ఆ రోజు అతుక్కోలేదు. ఇంజన్‌లోకి గాలిని తోసే టర్బో ఒత్తిడిని చూపించే బూస్టు మీటరు ముల్లు 12 పీఎస్ఐ దాకా పోవలసింది ఏడు దగ్గరే వణుకుతూ నిలబడింది. కాలు అదిమినంతసేపూ బానెట్ కింద సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టు సన్నటి బుస. ఎదురుగా బస్సు కనిపించడంతో మర్యాదగా లారీ వెనక్కే వచ్చేశాను. ఊళ్లోకి వచ్చేసరికి ఇంజన్ లైటు కూడా వెలిగింది.

స్కానర్ పెట్టి చూస్తే పీ0299 అని వచ్చింది. టర్బో ఇవ్వవలసినంత ఒత్తిడి ఇవ్వడం లేదని దాని అర్థం. ఎందుకు ఇవ్వడం లేదో అది చెప్పదు. కొళాయిలో నీళ్లు రావడం లేదని చెప్పినట్టే. ట్యాంకు ఖాళీ అయిందా, పైపు పగిలిందా, మేడ మీద ఎవరైనా కొళాయి తిప్పి మరిచిపోయారా అన్నది మనమే వెతుక్కోవాలి. మెకానిక్ మాత్రం వెతకలేదు. ఒకసారి ఇంజన్ రేస్ చేసి విని, "టర్బో పోయింది సార్" అనేశాడు. అతన్ని తప్పుపట్టలేను. ఆయన చేతికి వచ్చే టర్బో బళ్లన్నీ దాదాపు డీజిల్‌వే. డీజిల్ ఇంజన్‌కు పెట్రోలు బండికి ఉన్నట్టు గాలిని ఆపేసే థ్రాటిల్ తలుపు పని ఉండదు కాబట్టి, మామూలుగా వాటికి బ్లో ఆఫ్ వాల్వు అవసరమే రాదు.

నాలాంటి పెట్రోలు టర్బో బండి సంగతి వేరు. గేరు మార్చడానికి కాలు తీయగానే థ్రాటిల్ మూసుకుంటుంది. టర్బో మాత్రం నిమిషానికి లక్ష చుట్లకు పైన తిరుగుతూ గాలిని తోస్తూనే ఉంటుంది. మూసిన తలుపుకు కొట్టుకున్న ఆ గాలి వెనక్కి తిరిగి టర్బో రెక్కల మీదే పడుతుంది. అలా పడకుండా పక్కదారి ఇచ్చేదే ఈ వాల్వు. కంపెనీ బిగించింది ఆ గాలిని నోరు మెదపకుండా టర్బో ముందున్న పైపులోకి తిప్పి పంపుతుంది. నేను రెండేళ్ల క్రితం బిగించింది బయటికి వదులుతుంది. అదిగో, ఆ వదిలేటప్పుడు వచ్చే "ఉష్" శబ్దం కోసమే దాన్ని కొన్నాను.

నలభై నాలుగేళ్ల వయసులో, బియ్యం మిల్లులో లెక్కలు రాసుకునే మనిషికి ఆ శబ్దం ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు. మొదటి రోజు విన్నప్పుడు మా ఆవిడ, "కారుకు జలుబు చేసిందా?" అంది. దాంతో వచ్చే నష్టం నాకు తెలియనిదీ కాదు. ఈ బండి ఎంత గాలి వస్తోందో ఫిల్టరు దగ్గరే కొలిచి దానికి తగ్గ పెట్రోలు పోస్తుంది. కొలిచిన గాలిని నేను మధ్యలో బయటికి ఊదేస్తే, లేని గాలికి కూడా పెట్రోలు పడుతుంది. సైలెన్సర్ మూతికి మసి పేరుకోవడం అప్పటి నుంచే మొదలైంది. అయినా ఉష్‌మన్న ప్రతిసారీ లోపల ఒక చిన్న సంతోషం.

ఇక పరీక్ష. నిన్న సాయంత్రమే ట్రంక్ రోడ్డులో ప్లంబింగ్ సామాన్ల దుకాణంలో ఒక పీవీసీ మూత కొని, మధ్యలో పదకొండు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ బెజ్జం పెట్టి, ట్యూబ్‌లెస్ టైరు వాల్వు లాగి కూర్చోబెట్టాను. దాన్ని టర్బో మూతికి వెళ్లే పైపుకు క్లిప్పుతో బిగించి గాలి పడితే, అక్కడి నుంచి ఇంజన్ దాకా ఎక్కడ కారుతోందో బయటపడుతుంది. ఇంజన్ ఊపిరి పైపు ఒకటి ఆ దారిలోనే కలుస్తుంది. దాన్ని మరిచిపోకుండా విప్పి మూసేశాను, లేకపోతే గాలి ఆయిల్ ఉండే చోటికి పోయి సీళ్ల మీద పడుతుంది.

గాలికి మా వీధి చివరి పంక్చర్ షాపు. సెలవులకు వచ్చిన మా అక్క కొడుకు కూడా ఎక్కి కూర్చున్నాడు. షాపు భాయ్ ఆ మూతను తిప్పి తిప్పి చూశాడు.

"కారుకే పంక్చరా సార్?"

"అలాంటిదే భాయ్. పది కంటే ఎక్కువ పట్టకండి."

సబ్బు నురగలో బ్రష్ ముంచి ఆయనే రాయడం మొదలుపెట్టాడు. టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ అతుకులు శుభ్రం. క్లిప్పులు శుభ్రం. వాల్వు మూతి దగ్గరికి వచ్చేసరికి నురగ ఎగిరి ఆయన గడ్డం మీద పడింది. దొరికిందని నేను గట్టిగానే అరిచాను.

అరిచాక అనుమానం వచ్చింది. ఈ వాల్వు పళ్లెం కింద నుంచి టర్బో గాలి పైకి నెడుతుంది. పైన ఉన్న గదికి ఇంజన్ మానిఫోల్డు నుంచి, అంటే థ్రాటిల్ దాటాక సిలిండర్లకు గాలి పంచే గొట్టం నుంచి, ఒక సన్న పైపు వస్తుంది. కాలు అదిమినప్పుడు మానిఫోల్డులో కూడా అదే ఒత్తిడి ఉంటుంది కాబట్టి పైనా కిందా సమానమై, స్ప్రింగు దాన్ని మూసి ఉంచుతుంది. ఇప్పుడేమో ఇంజన్ ఆగి ఉంది, థ్రాటిల్ మూసి ఉంది, నా గాలి పైగదికి సరిగా చేరడమే లేదు. అలాంటప్పుడు మంచి వాల్వు కూడా కొంత వదలవచ్చు.

మేనల్లుడితో తాళం తిప్పించి, ఇంజన్ స్టార్టు చేయకుండా పెడల్ నేలకు అదమమన్నాను. థ్రాటిల్ తెరుచుకుంది. నురగ తగ్గింది. తగ్గింది గానీ ఆగలేదు. సన్న పైపు వెంట వేలు పోనిస్తే, వాల్వు దగ్గర క్లిప్పు కింద చల్లగా తగిలింది. భాయ్ అక్కడ బ్రష్ పెట్టాడు. బియ్యపు గింజంత బుడగ, చూస్తుండగానే నిమ్మకాయంత అయి పగిలింది. పైపును వంచితే గోరు పొడవు చీలిక నవ్వినట్టు విచ్చుకుంది. వదిలితే మళ్లీ ఏమీ ఎరగనట్టు మూసుకుంది. పదిరోజులుగా నేను ఎన్నిసార్లు చూసినా కనిపించకపోవడానికి అదే కారణం. వేడికి రబ్బరు పెళుసుబారింది. చీలిక దగ్గర పై ఒత్తిడి పోతుంది, కింది గాలి వాల్వును ఎత్తేస్తుంది. నా అయిదు పీఎస్ఐ అలా గాల్లో కలిసిపోతున్నాయి.

చీలిన కొసను కోసేసి, మిగిలినదాన్ని లాగి బిగించి మళ్లీ గాలి పట్టాం. వాల్వు మూతి దగ్గర ఇంకా సన్నగా నురగ కడుతూనే ఉంది.

"ఇది కూడానా?" అన్నాను.

"పంక్చరు ఒకటే ఉంటుందని ఎవరు చెప్పారు సార్?" అన్నాడు భాయ్, తొట్టిలో ఇంకో ట్యూబు ముంచుతూ.

వాల్వు విప్పాను. మెరుపంతా పైనే. లోపల పిస్టన్‌కు రాసిన గ్రీజు దుమ్ము పట్టి అట్ట కట్టింది. దాని చుట్టూ ఉండే ఓ-రింగు గుండ్రంగా ఉండవలసింది ఒకవైపు నలిగి చదునైంది. తుడిచి, కొత్త రింగు వేసి, గ్రీజు పెడితే ఇంకో ఏడాది పనిచేస్తుంది. కాసేపు అరచేతిలో పెట్టుకుని చూశాను. తర్వాత మేనల్లుణ్ని ఇంటికి పంపి, అటక మీద నుంచి మలై కాజా డబ్బా తెప్పించాను.

పాత వాల్వు అందులోనే ఉంది. నల్ల ప్లాస్టిక్‌ది, కంపెనీది. దాని లోపల పిస్టన్ బదులు ఉండేది డయాఫ్రం, పల్చటి రబ్బరు పొర. అది చిరిగిందో లేదో తెలుసుకోవడానికి ఒక మోటు పద్ధతి ఉంది. సన్న మూతిని గుడ్డతో తుడిచి, నోట పెట్టి గట్టిగా పీల్చి, నాలుకతో మూసేయాలి. డయాఫ్రం బాగుంటే వాల్వు నాలుకకు అంటుకుని వేలాడుతుంది. వేలాడింది. నేను రెండు చేతులూ వదిలేసి, నోటికి వాల్వు తగిలించుకుని, ఒకటి నుంచి ముప్పై దాకా లెక్కపెడుతూ నిలబడ్డాను. టైరుకు గాలి కోసం వచ్చిన ఒకాయన స్కూటరు స్టాండు వేయడం మానేసి నన్నే చూశాడు. నోట్లో పాత రబ్బరు రుచి, కింద ఎక్కడో కాజా తీపి. అది నా ఊహే కావచ్చు.

తిరుగుదారి పైపుకు రెండేళ్లుగా బిగించి ఉన్న బిరడా పీకి, పాతదాన్ని దాని చోట పెట్టాను. ఈసారి పది పీఎస్ఐకి ఎక్కడా నురగ లేదు. భాయ్ డబ్బులు వద్దన్నాడు. బలవంతంగా ఇస్తే కుర్రాడి చేతిలో చాక్లెట్ పెట్టాడు.

స్కానర్‌తో ఇంజన్ లైటు చెరిపేసి పెన్నా వంతెన దాటి కోవూరు వైపు వెళ్లాం. మూడో గేరు, కాలు అదిమాను. వీపు సీటుకు అతుక్కుంది. నాలుగో గేరుకు మార్చేటప్పుడు అలవాటుగా చెవి రిక్కించాను. ఏమీ లేదు. ఫ్యాను హోరు, కిటికీ గాలి.

"మామయ్యా, ఉష్ ఏది?"

"డబ్బాలో ఉంది."

"మళ్లీ పెడతావా?"

జవాబు చెప్పలేదు. వాడు మిగిలిన దారంతా గేరు మారినప్పుడల్లా నోటితో తనే "ఉష్" అంటూ వచ్చాడు.

మార్కెట్‌కు వెళ్లేసరికి పదిన్నర. కొరమీను అయిపోయింది. మిగిలిన బొచ్చె తీసుకుని, మామిడికాయలు నాలుగు ఎక్కువ వేయించుకుని ఇంటికి వచ్చాను. మా ఆవిడ చేపను చూసింది, నా చేతుల్ని చూసింది, ఏమీ అనలేదు. పులుసు మాత్రం బాగా కుదిరింది.

ఒక్కటి మిగిలిపోయింది. ముల్లు 11 దగ్గరే ఆగుతోంది. ఎండ వేడికి కావచ్చు, మీటరుకు వెళ్లే పైపు కావచ్చు, ఇంకో పంక్చరు కావచ్చు. సాయంత్రం చల్లబడ్డాక టార్చి పట్టుకుని మళ్లీ చూడాలి.