టైమ్‌టేబుల్ వరసలోనే టాస్క్‌బార్: సీజీఎల్ కంప్యూటర్ మాడ్యూల్‌కి నేను ప్రిపేరైన తీరు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం డిగ్రీ చదివినవాళ్లు రాసే పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్. అందులో రెండో దశ అయిన టైర్-2 రాసేవాళ్లు మ్యాథ్స్, రీజనింగ్, ఇంగ్లిష్ గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. కంప్యూటర్ మాడ్యూల్ మాటెత్తితే మాత్రం "అది క్వాలిఫైయింగే కదా, చివర్లో చూసుకుందాం" అంటారు. 15 నిమిషాలు, 20 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కులు, తప్పు రాస్తే 1 మార్కు కోత. ఈ మార్కులు మెరిట్‌లో కలవవు, నిజమే. కానీ ఇందులో గట్టెక్కకపోతే మిగతా సెక్షన్లలో ఎంత స్కోరు చేసినా లాభం ఉండదు. సిలబస్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్, కీబోర్డ్ షార్ట్‌కట్స్ అని పేరు పెట్టి మరీ ఇచ్చారు. నేను వీటికోసం బిట్ బ్యాంకులు బట్టీ పట్టలేదు. రోజూ మాక్ టెస్టులు రాసే ల్యాప్‌టాప్‌నే సర్దుకున్నాను, ఆ సర్దడంలోనే సగం మాడ్యూల్ వచ్చేసింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

నాది అన్నయ్య బీటెక్‌లో వాడిన ల్యాప్‌టాప్. స్క్రీన్ కింద ఐకాన్లు ఉండే వరసలో, అంటే టాస్క్‌బార్‌లో, లేనిది లేదు: రెండు బ్రౌజర్లు, స్టోర్, మెయిల్, చాట్ యాప్, పాటల యాప్, కొన్నప్పుడే వచ్చిన ఏవేవో ఐకాన్లు, పక్కన వాతావరణం, వార్తలు. అశోక్‌నగర్‌లో నా రూమ్‌మేట్స్ ల్యాప్‌టాప్‌లూ ఇంచుమించు ఇలాగే ఉండేవి. ఐకాన్ వెతకడానికి పట్టేది రెండు మూడు సెకన్లే, అది పెద్ద నష్టం కాదు. నష్టం ఎక్కడంటే, మాక్ అయ్యాక అనాలిసిస్ చేస్తుంటాం. లాభనష్టాల లెక్కలో ఎక్కడ తప్పిందో అప్పుడే తెలుస్తుంది. దాన్ని ఎర్రర్ షీట్‌లో రాసుకుందామని ఎక్సెల్ కోసం కిందికి చూస్తే, చాట్ ఐకాన్ మీద ఎర్రగా మెసేజ్‌ల సంఖ్య కనిపిస్తుంది. చెయ్యి అటు పోతుంది. తిరిగొచ్చేసరికి లెక్క మీద ఉన్న ధ్యాస పోయి ఉంటుంది, మళ్లీ ప్రశ్న మొదటినుంచి చదవాలి. ప్రిపరేషన్‌లో టైమ్ పోయేది చదివేటప్పుడు కాదు, ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడే. ఇది నేను గట్టిగా నమ్ముతాను.

అందుకే ముందు అన్నీ తీసేయండి. ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి అన్‌పిన్ నొక్కితే చాలు. ప్రోగ్రామ్ డిలీట్ అయిపోతుందని చాలామంది భయపడతారు. ఏమీ కాదు, స్టార్ట్ మెనూలో అలాగే ఉంటుంది. తర్వాత మీ టైమ్‌టేబుల్‌లో ఏ వరసలో పనులుంటే అదే వరసలో ప్రోగ్రామ్‌లు పిన్ చేసుకోండి, అంటే టాస్క్‌బార్ మీద ఎప్పుడూ ఉండేలా పెట్టుకోండి. నాకు పొద్దున్నే మాక్ టెస్ట్, కాబట్టి మొదట బ్రౌజర్. రెండోది పాత పేపర్లు, నోట్స్ చూసే పీడీఎఫ్ రీడర్. మూడోది ఎర్రర్ షీట్ ఉన్న ఎక్సెల్. నాలుగోది టైపింగ్ ప్రాక్టీసుకి వర్డ్. ఐదోది ఫైల్ ఎక్స్‌ప్లోరర్. అంతే. క్యాలిక్యులేటర్ కావాలనే తీసేశాను. చేత్తో లెక్క చేసే అలవాటు పోకూడదని.

వరస ఎందుకు ముఖ్యమంటే, విండోస్ కీ పట్టుకుని 1 నొక్కితే టాస్క్‌బార్‌లో ఎడమవైపు నుంచి మొదట పిన్ చేసిన ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది, 2 నొక్కితే రెండోది. ఇలా 9 వరకూ, పదోదానికి 0. స్టార్ట్ బటన్, సెర్చ్ ఈ లెక్కలోకి రావు. ప్రోగ్రామ్ అప్పటికే తెరిచి ఉంటే అదే ముందుకొస్తుంది. ఇంకో కొత్త విండో కావాలంటే షిఫ్ట్ కూడా కలిపి నొక్కాలి. మాక్ అనాలిసిస్‌లో నాకు 1, 3 తప్ప వేరేవాటితో పని పడేది కాదు: బ్రౌజర్‌లో ప్రశ్న, ఎక్సెల్‌లో తప్పు. చూపు కిందికి దిగాల్సిన అవసరమే ఉండదు.

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది జంప్ లిస్ట్. పీడీఎఫ్ రీడర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేస్తే ఈమధ్య తెరిచిన ఫైళ్ల పేర్లు వస్తాయి. రోజూ చూసే ఫైలు పక్కన పిన్ గుర్తు నొక్కితే అది ఇక పైనే ఉండిపోతుంది. నేను సిలబస్, పాలిటీ నోట్స్, ఒక పాత పేపర్ ఇలా పెట్టుకున్నాను. ఎక్సెల్‌లో ఎర్రర్ షీట్ ఒక్కటే. ఆల్ట్, విండోస్ కీ, 2 కలిపి నొక్కితే మౌస్ ముట్టుకోకుండానే ఆ లిస్ట్ వస్తుంది, బాణం కీతో ఎంచుకుని ఎంటర్ కొట్టడమే. కొన్ని ప్రోగ్రామ్‌లకి ఈ లిస్ట్ రాదు. వాటికి డెస్క్‌టాప్ మీద ఫోల్డర్ షార్ట్‌కట్ పెట్టుకుంటే సరిపోతుంది.

సెర్చ్ బాక్స్, టాస్క్ వ్యూ (తెరిచిన విండోలన్నీ చూపే బటన్), విడ్జెట్స్ (వాతావరణం, వార్తలు) కూడా ఆపేయొచ్చు. టాస్క్‌బార్ ఖాళీ చోట రైట్ క్లిక్ చేస్తే దారి దొరుకుతుంది. విండోస్ 11లో ఐకాన్లు మధ్యలో ఉంటాయి, ఇంకో ప్రోగ్రామ్ తెరిచినప్పుడల్లా పక్కకి జరుగుతాయి. అలైన్‌మెంట్ ఎడమకి మార్చుకోండి, ఏది ఎక్కడుందో కంటికి అలవాటవుతుంది. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రామ్‌లని కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ దగ్గర డిసేబుల్ చేయండి. యాంటీవైరస్ జోలికి మాత్రం వెళ్లకండి. ఇంట్లో ఒకే ల్యాప్‌టాప్ ఇద్దరు ముగ్గురు వాడుతుంటే మీకోసం వేరే యూజర్ అకౌంట్ పెట్టుకోండి. టాస్క్‌బార్ అకౌంట్‌కొకటి ఉంటుంది, తమ్ముడి గేములు మీ వరసలోకి రావు.

ఇప్పుడు మార్కుల సంగతి. విండోస్ కీ, ఆర్ నొక్కితే రన్ అనే చిన్న పెట్టె వస్తుంది. అందులో ప్రోగ్రామ్ ఫైలు పేరు కొట్టాలి: వర్డ్‌కి విన్‌వర్డ్, క్యాలిక్యులేటర్‌కి కాల్క్, పెయింట్‌కి ఎంఎస్‌పెయింట్. పవర్‌పాయింట్ దగ్గర చాలామంది పొరబడతారు. దానికి పవర్ అని పూర్తిగా రాసి, తర్వాత పి, ఎన్, టి అక్షరాలు మాత్రమే కొట్టాలి. రోజూ ఒక ప్రోగ్రామ్‌ని రన్ నుంచే తెరవండి, స్పెల్లింగ్ చేతికి వచ్చేస్తుంది. అలాగే విండోస్ కీతో డి, ఎం, ఈ (ఫైల్ ఎక్స్‌ప్లోరర్), ఎల్ (లాక్). డి నొక్కితే డెస్క్‌టాప్ కనిపిస్తుంది, మళ్లీ డి నొక్కితే విండోలన్నీ తిరిగొస్తాయి. ఎం విండోలని మినిమైజ్ చేస్తుంది, కానీ తిరిగి తెచ్చేది మళ్లీ ఎం కాదు, షిఫ్ట్ కలపాలి. ఈ రకం తేడాలు నోట్స్‌లో చదివితే ఆప్షన్లు చూడగానే తికమక అవుతాయి. వాడినవాళ్లకి మాత్రం అనుమానం రాదు. కాస్త చరిత్ర కూడా గుర్తుపెట్టుకోండి: స్టార్ట్ బటన్, టాస్క్‌బార్ 1995లో విండోస్ 95తో వచ్చాయి, ఇప్పుడు మనం వాడే ఈ పిన్నింగ్ పద్ధతి 2009లో విండోస్ 7తో వచ్చింది.

ఏపీపీఎస్సీ గ్రూప్-2 రాసేవాళ్లకి కూడా కంప్యూటర్ ప్రొఫిషియెన్సీ టెస్ట్ ఉంటుంది. అది ప్రాక్టికల్ కాబట్టి వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ మౌస్ లేకుండా తెరవడం, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడం ఇంకా ఎక్కువ అవసరం. సీజీఎల్ టైపింగ్ టెస్ట్‌లో 15 నిమిషాల్లో సుమారు 2000 కీ డిప్రెషన్లు, అంటే అన్నిసార్లు కీలు నొక్కడం, కొట్టాలి. దానికి ప్రాక్టీసు చేసేటప్పుడు టైమర్ పెట్టకముందే ఒకసారి టాస్క్‌బార్ కుడి చివర చూసుకోండి. తెలుగు కీబోర్డ్ కూడా పెట్టుకున్నవాళ్లకి భాష అక్కడే కనిపిస్తుంది. తెలుగులో ఉంటే విండోస్ కీ, స్పేస్ బార్ నొక్కి ఇంగ్లిష్‌కి మార్చుకుని మొదలుపెట్టండి.