ఒకేసారి రెండు జ్వరాలు

2021 వానాకాలం. కరోనా రెండో వేవ్ తగ్గిందని కాజీపేటలో మా వాడకట్టు జనం కాస్త ఊపిరి పీల్చుకుంటున్నారు. నాకు జ్వరం, పొడి దగ్గు పట్టుకున్నాయి. ముక్కులోంచి శాంపిల్ తీస్తే పాజిటివ్. ఇంట్లో అందరూ కరోనా అని ఖాయం చేసుకున్నారు. నేను మేడ మీది గదిలోకి మారాను.

ఆక్సీమీటర్‌లో 97 తగ్గలేదు. కానీ కనుగుడ్ల వెనక నొప్పి ఉంది చూడండి, చూపు పక్కకు తిప్పితే ప్రాణం పోయినట్టుండేది. నడుము, కీళ్లు విరగ్గొట్టినట్టే. ఫోన్‌లో ఈ మాట వినగానే హన్మకొండ డాక్టరమ్మ, "కరోనా ఉంటే డెంగీ రావద్దని ఏం లేదమ్మా, రక్తం ఇయ్యి" అన్నారు. కరోనా రోగుల్లో డెంగీ కిట్ తప్పుగా పాజిటివ్ చూపిన కేసులు 2020లోనే సింగపూర్‌లో బయటపడ్డాయి. అందుకే ఆమె ఒక్క కిట్‌ను నమ్మకుండా ఎన్ఎస్1తో (రక్తంలో డెంగీ వైరస్ ప్రొటీన్‌ను పట్టే పరీక్ష) పాటు రక్తకణాల లెక్కా చేయించారు. ఎన్ఎస్1 పాజిటివే. లక్షన్నరకు పైగా ఉండాల్సిన ప్లేట్‌లెట్లు అరవై వేలకు పడ్డాయి.

రెండూ ఉన్నాయని తెలియడం ఎంత ముఖ్యమో అప్పుడు అర్థమైంది. కరోనా ముదిరితే రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు ఇస్తారు. ప్లేట్‌లెట్లు పడిపోయిన మనిషికి అవే ఇస్తే రక్తస్రావం కావచ్చు. డెంగీకి ఒంట్లో నీళ్లు తగ్గకూడదు, కరోనాతో ఊపిరితిత్తులు దెబ్బతింటే సెలైన్ ఎక్కువైనా కష్టమే. రక్తస్రావం భయంతోనే నాకు పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి గోళీ వద్దన్నారు.

జ్వరం దిగింది. ఇంట్లోవాళ్లు సంతోషపడితే డాక్టరమ్మకు టెన్షన్ మొదలైంది. డెంగీలో అసలు గండం అప్పుడేనట. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారి బీపీ పడిపోవచ్చు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి రమ్మన్నారు. మోచేతుల మీద సన్నటి ఎర్రచుక్కలు లేచాయి. తమ్ముడు మెట్ల మీద నిలబడి, "అక్కా, ఒంటికి పోయినవా?" అని గంటగంటకూ అడిగేవాడు. మూత్రం తగ్గితే ప్రమాదమని వాడికి చెప్పారు మరి. అప్పుడు సిగ్గనిపించింది. ఇప్పుడు తలచుకుంటే వాడి మీద ప్రేమ పొంగుతుంది.

మా అత్తమ్మ బొప్పాయి ఆకు రసం పంపింది. నేను మాత్రం ఉప్పు గంజి, ఓఆర్ఎస్ మీదే ఉన్నాను. ప్లేట్‌లెట్లు వాటంతట అవే పెరిగాయి. నీరసం మాత్రం నెలల తరబడి వదల్లేదు, దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా వచ్చేది.

లేచి తిరగగలిగాక చూస్తే, వాడని కూలర్ అడుగు నీళ్లలో దోమపిల్లలు కదులుతున్నాయి. అప్పటి నుంచి వారానికోసారి కూలర్, డ్రమ్ములు ఒంపి, గోడలు రుద్ది ఆరబెడుతున్నాం.