నీళ్లలో దిగగానే బోల్తా

2014 మేలో అమెరికాలోని అనకోర్టెస్‌లో బాడెన్ అనే సరికొత్త లగ్జరీ యాట్‌ను నీళ్లలోకి దింపుతుంటే ఎడమవైపు ఒరిగింది, ఒరిగినది మళ్లీ లేవలేదు. తుఫానూ కాదు, రాయీ తగల్లేదు. బరువంతా పైన ఉంది, అంతే.

మామూలుగా పడవ ఒరిగితే, ఒరిగిన వైపు ఎక్కువ భాగం మునుగుతుంది కాబట్టి నీళ్లు అటునుంచి పైకి తోసి నిలబెడతాయి. కానీ బరువు మరీ ఎత్తులో ఉంటే అది కూడా అటే జారి, ఆ తోపును దాటిపోయి ఇంకా పడేస్తుంది. పైన ఇంకో డెక్కు (అంతస్తు), జకూజీ అనే వేడినీళ్ల తొట్టి అంటూ చేర్చుకుంటూ పోతారు (డబ్బున్నోళ్ల సరదాలు!), అడుగున ట్యాంకులేమో దింపే రోజుకి ఖాళీగా ఉండొచ్చు.

దీనికి పరీక్ష ఉంది. తేలుతున్న పడవలో తెలిసిన బరువుల్ని పక్కకు జరిపి, లోపల వేలాడదీసిన లోలకం ఎంత కదిలిందో కొలిచి, పడవ ఎంత తేలిగ్గా ఒరుగుతుందో తెలుసుకుంటారు. తేలాక చేసేది కాబట్టి అంతకుముందు కాగితం మీద లెక్క పక్కాగా ఉండాలి, అనుమానముంటే అడుగున తాత్కాలికంగా బరువు వేయాలి.

1628లో స్వీడన్ యుద్ధనౌక వాసా మీద 30 మందిని అటూ ఇటూ పరిగెత్తించారు, నౌక భయంకరంగా ఊగేసరికి ఆపేశారు, అయినా పంపారు. రేవు దాటకుండానే మునిగింది. పరీక్ష చేసి కూడా పట్టించుకోకపోతే ఇంకెందుకు చేయడం?