పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్: చెల్లని డేటా వచ్చినప్పుడు ఏం జరుగుతుంది?

డేటాబేస్‌లను పోల్చే వ్యాసాలు చాలావరకు వేగం చుట్టూనే తిరుగుతాయి. నేను మాత్రం ముందుగా చూసేది, చెల్లని డేటా ఇస్తే పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ లాంటి డేటాబేస్ ఖచ్చితంగా నిరాకరిస్తుందా, లేక మౌనంగా సర్దేసుకుంటుందా అన్నదే.

తెలుగులో పనిచేసేవారికి ఇది బాగా తెలిసివచ్చే చోటు ఒకటుంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ 3 బైట్లు పడతాయి; ఎమోజీలలో ఎక్కువ వాటికి 4 కావాలి. మైఎస్‌క్యూఎల్ ఏళ్ల తరబడి యూటీఎఫ్8 అని పిలిచిన క్యారెక్టర్ సెట్‌లో (అక్షరాలను దాచే అమరికలో) ఒక్కో అక్షరానికి 3 బైట్లకు మించి పట్టవు కాబట్టి, తెలుగు వాక్యాలతో ఎంత పరీక్షించినా లోపం బయటపడదు. చెల్లని డేటాను ఎర్రర్‌తో నిరాకరించే స్ట్రిక్ట్ మోడ్ పెట్టని పాత మైఎస్‌క్యూఎల్ 5.5 సర్వర్‌లో "అమ్మకు నయమైంది" అని రాసి, ఒక నవ్వు ముఖం పెట్టి, "ఆదివారం బయలుదేరుతున్నాం" అని చేర్చి సేవ్ చేసి చూశాను. తిరిగి తెరిస్తే అమ్మకు నయమైన సంగతి మాత్రమే మిగిలింది. ప్రయాణం మాట లేదు. వచ్చింది ఎర్రర్ కాదు, ఒక వార్నింగ్, దాన్ని చదివే ప్రోగ్రాములు చాలా తక్కువ. 2018 నాటి 8.0లో 4 బైట్ల యూటీఎఫ్8ఎంబీ4 డిఫాల్ట్ అయింది. పోస్ట్‌గ్రెస్‌లో యూటీఎఫ్8 అంటే మొదటినుంచీ పూర్తి యూటీఎఫ్8 కాకపోయినా, ఎన్నో ఏళ్లుగా 4 బైట్ల అక్షరాలకు చోటుంది.

చెక్ నిబంధనల సంగతీ ఇలాంటిదే. ధర సున్నాకన్నా ఎక్కువ ఉండాలని టేబుల్‌లో రాసుకున్నా, 2019లో 8.0.16 వచ్చేదాకా మైఎస్‌క్యూఎల్ ఆ వాక్యాన్ని ఆమోదించి, అమలు చేయకుండా వదిలేసేది. దాని నుంచి 2009లో విడిపోయిన మరియాడీబీ ఈ విషయంలో ముందే, 10.2లోనే మేల్కొంది. ఎస్‌క్యూలైట్ అనే మరో డేటాబేస్ అయితే ఇంటీజర్ (పూర్ణాంకాల) కాలమ్‌లో "పదిహేను" అని అక్షరాలు రాసినా తీసుకుంటుంది. వద్దనుకుంటే 2021లో వచ్చిన స్ట్రిక్ట్ టేబుల్స్ వాడుకోవాలి.

టేబుల్ నిర్మాణం మార్చేటప్పుడు పోస్ట్‌గ్రెస్ ఇచ్చే ధీమా నాకు అన్నిటికన్నా విలువైనది. టేబుల్‌ను మార్చే ఐదు ఆల్టర్ ఆదేశాలను ఒకే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదనే కట్టలో) పెడితే, మూడోది విఫలమైనప్పుడు మొదటి రెండూ వెనక్కు పోతాయి. మైఎస్‌క్యూఎల్‌లో ప్రతి ఆల్టర్ తనంతట తానే కమిట్ అవుతుంది, అంటే ఖాయమైపోతుంది కనుక, సగం మారిన టేబుల్‌ను మనమే చేత్తో సరిదిద్దాలి.

పోస్ట్‌గ్రెస్‌తో ఇబ్బందులు లేవని కాదు. అప్‌డేట్ చేసినప్పుడల్లా పాత వరుస టేబుల్‌లోనే ఉండిపోతుంది, వాక్యూమ్ అనే ప్రక్రియ వచ్చి శుభ్రం చేయాలి. ఎవరైనా ఒక ట్రాన్సాక్షన్‌ను గంటల తరబడి తెరిచి ఉంచితే ఆ శుభ్రత ఆగి టేబుల్ ఉబ్బిపోతుంది. పాత వరుసలను అన్‌డూ లాగ్‌లో విడిగా దాచే ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్‌లో డేటాను నిల్వచేసే భాగం) ఇక్కడ టేబుల్‌ను తేలిగ్గా ఉంచుతుంది. అయినా కొత్త పనికి నేను పోస్ట్‌గ్రెస్‌నే ఎంచుకుంటాను. పాత మైఎస్‌క్యూఎల్ చేతికొస్తే మాత్రం, మరే పని ముట్టుకోకముందే స్ట్రిక్ట్ మోడ్ ఉందో లేదో, ప్రతి టేబుల్ క్యారెక్టర్ సెట్ ఏమిటో చూస్తాను.